జాన్సెన్ గుంటూరుకు వచ్చినప్పుడు

గుంటూరు అనగానే మనకు మిరపకాయలు గుర్తొస్తాయి, గోంగూర గుర్తొస్తుంది. సైన్సు చరిత్ర రాసేవాళ్ళకు మాత్రం ఆ ఊరి పేరు వింటే ఒక గ్రహణం గుర్తొస్తుంది. 1868 ఆగస్టు 18న పట్టపగలు గుంటూరులో ఐదు నిమిషాలకు పైగా చీకటి పడింది. ఆ చీకటి కోసం ఫ్రాన్సు నుంచి పెట్టెలు కట్టుకుని వచ్చిన ఒక మనిషి గురించి ఈసారి గోడపత్రికలో రాస్తున్నాను. పేరు పియర్ జూల్ సెజార్ జాన్సెన్.

ఆయన్ని అందరూ సూర్యుణ్ణి చదివిన మనిషి అంటారు. ఆయన జీవితం చదువుతుంటే నాకు మాత్రం గాలి మనిషి అనిపించాడు. గ్రహం చుట్టూ ఉన్న గాలిలో ఏముంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, లోపల మండే భూమికీ పైన మనం పీల్చే గాలికీ లెక్క ఎక్కడ కలుస్తుంది అనే ప్రశ్నలన్నీ ఆయన దారిలో తగులుతూనే ఉంటాయి. అందుకని గ్రహణాన్ని కాస్త పక్కకు జరిపి, అగ్నిపర్వతాలను ముందుకు తెచ్చి చెప్తాను. ఆర్ట్స్ చదివే అమ్మాయికి ఈ గొడవంతా ఎందుకని మన క్లాసులో కొందరు అడుగుతారని తెలుసు. మన బీదర్ మొత్తం ఒకప్పటి లావా మీద కూర్చుని ఉంది. ఆ మాట కొస్తాను, ఆగండి.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టాడు. తండ్రి సంగీత విద్వాంసుడు, క్లారినెట్ వాయించేవాడు. చిన్నప్పుడు దాది అజాగ్రత్త వల్ల కాలికి దెబ్బ తగిలి జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఆ కాలు వల్లనే బడికి పంపలేదు, ఇంట్లోనే చదివించారు. ఇంతలో ఇంటి పరిస్థితి దిగజారింది. పదహారేళ్ళ వయసులో బ్యాంకులో గుమాస్తాగా చేరాల్సి వచ్చింది. పగలు లెక్కలు రాయడం, మిగిలిన పొద్దులో చదువుకోవడం. మనం ప్లస్ టూలో రాసేలాంటి పరీక్ష ఆయన పాసయ్యేసరికి వయసు ఇరవై ఐదు. ఆ తర్వాత గణితంలో ఒక డిగ్రీ, భౌతికశాస్త్రంలో ఇంకో డిగ్రీ. డాక్టరేటు వచ్చింది 1860లో, ముప్పై ఆరేళ్ళకు. ఆ పరిశోధన దేని మీదనుకున్నారు? కంటికి కనబడని వేడి కిరణాలను కంటిలోని పొరలు ఎంతవరకు పీల్చుకుంటాయి అని. అంటే మొదటి నుంచీ ఆయన మనసు వేడి మీదే ఉంది. వేడి ఒక పదార్థంలోంచి ఎలా పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఆయన ఆరా.

డాక్టరేటుకు ముందే 1857లో దక్షిణ అమెరికాలోని పెరూకు వెళ్ళాడు. అయస్కాంత సూచి ఏ వైపుకూ వంగకుండా సమంగా నిలిచే రేఖ అక్కడ ఎక్కడుందో కొలవాలని. అడవి జ్వరం పట్టుకుని చావు దాకా వెళ్ళి, ఒక్కడే వెనక్కి వచ్చాడు. కాలు సరిగా లేని మనిషి, మొదటి ప్రయాణంలోనే ఇలా జరిగిందంటే ఎవరైనా ఇంటిపట్టున ఉంటారు. ఈయన ఆ తర్వాత యాభై ఏళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. అదే ఏడాది హెన్రియెట్‌ను పెళ్ళాడాడు. ఎక్కడికి వెళ్ళినా ఆమెకు ఉత్తరాలు రాసేవాడు, గుంటూరు ప్రయాణంలో కూడా. వీలైనప్పుడు ఆమె కూడా వెంట వెళ్ళింది. వీలు కానప్పుడు పారిస్‌లో ఇల్లు, డబ్బు లెక్క, పాప, అన్నీ ఆమె మీదే. శాస్త్రవేత్తల జీవితచరిత్రల్లో ఈ భాగం ఎప్పుడూ రెండు వాక్యాల్లో అయిపోతుంది. నేను కూడా ఇక్కడ రెండు వాక్యాల కంటే ఎక్కువేమీ రాయలేకపోతున్నాను.

ఇక ఆయన చేతిలోని పనిముట్టు గురించి చెప్పాలి. అది అర్థమైతే మిగతాదంతా సులువు. ఉప్పు వేసిన పప్పు పొంగి స్టవ్ మీద పడితే నీలం మంట ఒక్కసారిగా పసుపు రంగులోకి మారుతుంది కదా, అందరి ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు. అది ఉప్పులో ఉన్న సోడియం పని. ప్రతి మూలకమూ మండినప్పుడు తనదైన రంగు గీతలు వేస్తుంది. గాజు పట్టకంలోంచి ఆ వెలుగును పంపి విడదీస్తే గీతలు లెక్కపెట్టవచ్చు. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఒకటుంది. వెనుక నుంచి తెల్లటి వెలుగు వస్తుంటే, మధ్యలో అడ్డం వచ్చిన వాయువు తన గీతలున్న చోట వెలుగును మింగేసి నల్ల గీతలు మిగులుస్తుంది. జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఈ సంగతిని 1859లో తేల్చి చెప్పారు. ఆ గీతలు చూసే పరికరం పేరే స్పెక్ట్రోస్కోపు. దీంతో సూర్యుడి దాకా నిచ్చెన వేయకుండానే అక్కడేం మండుతోందో చెప్పొచ్చన్నమాట.

అందరూ సూర్యుడిలో ఏముందో వెతుకుతుంటే జాన్సెన్ ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నాడు. సూర్యకాంతిలో కనబడే నల్ల గీతల్లో కొన్ని పొద్దున, సాయంత్రం ముదురుతున్నాయి, మధ్యాహ్నం పలచబడుతున్నాయి. అవి సూర్యుడివే అయితే పూటకోలా ఎందుకుంటాయి? సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు కాంతి దాటాల్సిన గాలి తక్కువ, దిగంతంలో ఉన్నప్పుడు ఎక్కువ. కాబట్టి ఆ గీతలు మన గాలివే. ఇది ఊహగా వదిలేయలేదాయన. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అనే ఊళ్ళో పెద్ద కట్టెల మంట వేయించాడు. దగ్గర నుంచి చూస్తే ఆ మంటలో నల్ల గీతలు లేవు. 21 కిలోమీటర్ల దూరంలో జెనీవా నుంచి చూస్తే ఉన్నాయి! మధ్యలో ఉన్నది సరస్సు మీది తేమగాలి మాత్రమే. రెండేళ్ళ తర్వాత పారిస్‌లోని గ్యాసు ఫ్యాక్టరీలో 37 మీటర్ల ఇనుప గొట్టంలో ఆవిరి నింపి, ఒక కొసన దీపాలు పెట్టి, రెండో కొస నుంచి చూశాడు. అవే గీతలు. నీటి ఆవిరి సంతకం ఏదో మనిషికి మొదటిసారి స్పష్టంగా తెలిసింది అప్పుడే.

ఈ సంతకం చేతికి రాగానే దాన్ని కుజుడి మీద పెట్టి చూశాడు. 1867లో సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీదికి ఎక్కాడు. ఎత్తుకు వెళ్తే మన గాలిలోని తేమ తగ్గుతుంది, అప్పుడు కుజుడి వెలుగులో కనబడే ఆవిరి కుజుడిదే అవుతుందని ఆయన లెక్క. ఆవిరి ఉందని ప్రకటించాడు. ఆ మాట చాలామందికి నచ్చింది. పక్క గ్రహం మీద నీళ్ళంటే ఎవరికి నచ్చదు చెప్పండి. అయితే 1894లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీ నుంచి క్యాంప్‌బెల్ అనే ఆయన కుజుణ్ణీ, గాలే లేని చంద్రుణ్ణీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి గీతల్లో తేడా లేదు. జాన్సెన్ చూసింది మన తేమనే. కుజుడి మీద ఆవిరి నిజంగా దొరికింది 1963లో. అది కూడా చిటికెడంత. జాన్సెన్ తన మాట మీదే నిలబడ్డాడు. అంత జాగ్రత్త గల మనిషి ఇక్కడ మాత్రం తను కోరుకున్నది చూశాడని నాకనిపిస్తుంది.

అదే 1867లో ఆయన చేసిన ఇంకో పని గురించి ఎక్కువమంది రాయరు. నాకు మాత్రం ఆయన జీవితంలో అదే ముఖ్యమైన చోటు. గ్రీసు దేశంలో సాంటొరీని అనే దీవుల దగ్గర సముద్రంలోంచి అగ్నిపర్వతం ఏడాది ముందు లేచింది, ఇంకా మండుతోంది. జాన్సెన్ అక్కడికి వెళ్ళి, లావా పగుళ్ళలోంచి వచ్చే మంటల వైపు స్పెక్ట్రోస్కోపు తిప్పాడు. అప్పటిదాకా ఆకాశం వైపు చూసిన పరికరం మొదటిసారి భూమి కడుపు వైపు చూసిందన్నమాట. మంటలో మండుతున్నది ముఖ్యంగా హైడ్రోజన్ అని కనిపెట్టాడు. సోడియం కూడా ఉంది. పదహారేళ్ళ తర్వాత, 1883లో, పసిఫిక్ సముద్రంలోని క్యారొలైన్ దీవిలో గ్రహణం చూసి వస్తూ హవాయిలో ఆగి, కిలవేయా అగ్నిపర్వతం నోటి దగ్గర కూడా ఇదే పని చేశాడు. అక్కడ కూడా అవే గీతలు. భూమి లోపల ఉన్నది బయటికి ఊపిరి వదులుతోంది, ఆ ఊపిరిలో ఏముందో దూరం నుంచి చదవవచ్చు. ఈ ఒక్క సంగతి చాలు మన బీదర్‌కు రావడానికి.

మన ఊరి ఎర్రరాయి మీకు కొత్త కాదు. కోట చుట్టూ మూడు వరుసల్లో కందకం తొలిచింది ఆ రాయిలోనే. దాన్నే లాటరైట్ అంటారు. దాని కింద నల్లరాయి, అంటే బసాల్ట్, చల్లారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట దక్కనులో నేల పగిలి, కొండ నోట్లోంచి కాకుండా పొడవాటి చీలికల్లోంచి లావా పొరలు పొరలుగా పారింది. ఇప్పటికీ మిగిలి ఉన్న భాగమే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. మహాబలేశ్వరం వైపు ఆ పొరల మందం ఒక కిలోమీటరు దాటుతుంది. మనం తూర్పు అంచుకు దగ్గరగా ఉన్నాం కాబట్టి మనకు పలచన.

ఇప్పుడు సాంటొరీనిలో జాన్సెన్ చూసిన చిన్న మంటను మనసులో పెట్టుకుని ఈ నేలను ఊహించండి. అన్ని లక్షల చదరపు కిలోమీటర్ల లావాతో పాటు ఎంత వాయువు బయటికి వచ్చి ఉంటుంది! గంధకపు వాయువు పైకి వెళ్ళి సూర్యుడికి అడ్డుపడి కొన్నేళ్ళు చల్లబరుస్తుంది. బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, వేల ఏళ్ళు నిలిచి వేడి చేస్తుంది. డైనోసార్లు పోయిన కాలం కూడా ఇదే. మెక్సికోలో పడిన ఉల్కది ఎంత పాపం, మన లావాది ఎంత పాపం అని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు.

ఆ వాయువంతా అలాగే ఉండిపోయి ఉంటే మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు. వాన నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కలిసి కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు నల్లరాయిని మెల్లగా తింటుంది. రాయిలోని కాల్షియం, మెగ్నీషియం కరిగి ఏటి వెంట సముద్రానికి పోయి, అక్కడ సున్నపురాయిగా గడ్డకడతాయి. గాలిలోని వాయువు అలా రాయిలోకి వెళ్ళిపోతుంది. ఇక్కడ నేల మీద ఇనుము, అల్యూమినియం మిగిలిపోయి తుప్పురంగు తేలుతుంది. అదే మన ఎర్రరాయి. అంటే కోటలో మనం చేయి పెట్టి తడిమే గోడ, గాలీ వానా కలిసి లావాను తినగా మిగిలినది. ఈ రాయికి సందులు ఎక్కువ, వాన నీళ్ళు దిగిపోతాయి. కింద నల్లరాయి అడ్డం పడి ఆగుతాయి. ఆ ఆగిన నీళ్ళనే బహమనీల కాలంలో కరేజ్ సొరంగాలు తవ్వి ఊరికి తెచ్చారు. నౌబాద్ వైపు వెళ్ళినవాళ్ళు ఆ సొరంగపు బావులు చూసే ఉంటారు. భూగర్భశాస్త్రం డిగ్రీ లేకుండానే రెండు రాళ్ళ మధ్య నీళ్ళుంటాయని కనిపెట్టారు వాళ్ళు.

కథ ఇంకా ఉంది. సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయిని నేలపలకలు కదులుతూ లోపలికి లాక్కుపోతాయి. లోపలి వేడికి అది మళ్ళీ కరిగి, అగ్నిపర్వతం నోట్లోంచి వాయువై బయటికి వస్తుంది. పలకలతో పాటు నీళ్ళు కూడా లోపలికి పోతాయి. తడి తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కాబట్టి లోపలి వేడి పైన గాలినీ సముద్రాన్నీ తయారు చేస్తే, పైన ఉన్న నీళ్ళు లోపలికి వెళ్ళి లోపల రాయి ఎలా కరగాలో మారుస్తున్నాయి. ఒకటి మారితే రెండోది మారుతుంది. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడ. అమ్మ వేడి అంటే నాన్న బిసి అంటాడు. గాలి మాత్రం ఇద్దరికీ గాలే, నాన్న నోట్లో లకారం కొంచెం ముదురుతుంది, అంతే. రెండు భాషలూ ఒక ఇంట్లో ఇన్నేళ్ళుంటే దేనిలోంచి ఏది వచ్చిందో విడదీయలేం. భూమి వేడి, భూమి గాలి కూడా అలాగే ఒక ఇంట్లో కాపురం చేస్తున్నాయి.

ఇదే లెక్క కుజుడి దగ్గర చెడింది. కుజుడి అడ్డకొలత భూమిలో దాదాపు సగం, బరువు పదోవంతు. చిన్న గిన్నెలో పాలు తొందరగా చల్లారినట్టు ఆ గ్రహం తొందరగా చల్లారింది. లోపల ఇనుము కదలిక తగ్గి, సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందట అయస్కాంత కవచం పోయింది. అగ్నిపర్వతాలు మందగించాయి, పోయిన గాలికి బదులు కొత్త గాలి రాలేదు. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి పైపొరలను కొట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో వందోవంతు కూడా లేదు. శుక్రుడి సంగతి దీనికి తలకిందులు. వాన లేదు, రాయిలోకి వాయువును దించే దారి లేదు. కార్బన్ డయాక్సైడ్ అంతా పైనే ఉండిపోయి, నేల మీద 460 డిగ్రీల వేడి. ఎట్నా ఎక్కి కుజుడి ఆవిరి వెతికిన జాన్సెన్, ఎట్నా కింద మండుతున్న దానికీ కుజుడి మీద లేని దానికీ ఈ సంబంధం ఉందని తెలియకుండానే రెంటి మీదా నిలబడ్డాడు.

సరే, గుంటూరుకు వద్దాం. 1868లో సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. మద్రాసు చేరి, గవర్నరు సాయంతో ఓడలో మచిలీపట్నం, అక్కడి నుంచి గుంటూరు. సముద్రపు తేమకూ కొండల మబ్బులకూ దూరమని ఆ ఊరు ఎంచుకున్నాడు. ఊళ్ళో లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పరికరాలు బిగించాడు. బ్రిటిష్ వాళ్ళ తరఫున టెనెంట్ కూడా గుంటూరులోనే దిగాడు. పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. జాన్ హెర్షెల్ మన కర్ణాటకలోని జమఖండిలో ఉన్నాడు. ఆ నీడ నా రెండు భాషల నేలల మీద నుంచీ వెళ్ళిందన్నమాట. ఆగస్టు నెల, వానకాలం. అంతకు ముందు రోజుల్లో మబ్బులు. ఆ పొద్దున ఆకాశం తెరిపిచ్చింది.

సూర్యుడు పూర్తిగా మూసుకుపోగానే అంచున ఎర్రటి మంట నాలుకలు కనబడ్డాయి. జాన్సెన్ పరికరం అటు తిప్పితే మెరిసే గీతలు. అంటే అవి మబ్బులూ కొండలూ కావు, మండే వాయువులు. ముఖ్యంగా హైడ్రోజన్, సాంటొరీనిలో చూసిన అదే హైడ్రోజన్. ఆ గీతల మెరుపు చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఇంత మెరుస్తుంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా. మధ్యాహ్నం మబ్బు పట్టింది. మర్నాడు తెల్లవారుజామునే లేచి చూశాడు. కనబడ్డాయి! ఎప్పుడో ఏళ్ళకొకసారి కొన్ని నిమిషాలు దొరికే దృశ్యం ఇక రోజూ దొరికింది. పదిహేడు రోజులు గుంటూరులో కూర్చుని రోజూ చూశాడు. నా లెక్కలో గుంటూరు గొప్పతనం గ్రహణం రోజుది కాదు, ఆ మర్నాటిది.

పారిస్‌కు ఉత్తరం మాత్రం సెప్టెంబరు 19న కాకినాడ నుంచి రాశాడు. అది అక్టోబరు 26న అకాడమీకి చేరింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన ఇల్లు కదలకుండా అదే పద్ధతి సొంతంగా కనిపెట్టి, ఆయన కూడా అకాడమీకి ఉత్తరం పంపాడు. రెండూ ఒకే రోజు, ఒకే సభలో చదివారు. ఎవరు ముందు అని కొట్లాట పెట్టకుండా అకాడమీ ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద చెక్కించింది. తర్వాత వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారు కూడా.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. గుంటూరులో జాన్సెన్ హీలియం కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. ఆ రోజు గీతల్లో పసుపు గీత చాలామంది చూశారు. అయితే అది సోడియందే అనుకున్నారు, మన స్టవ్ మీది పసుపు లాంటిదే అని. అది సోడియం గీత ఉండే చోటుకు కొద్దిగా పక్కన ఉందని, కాబట్టి వేరే ఏదో అని పట్టుకున్నది ఆ అక్టోబరులో లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్న పేరు కూడా అటువైపు నుంచే వచ్చింది. గుంటూరు ఘనత దీనివల్ల తగ్గదు, కాకపోతే లేని ఘనత తగిలించడం ఎందుకు.

ఆ తర్వాతి జీవితం నవలలా ఉంటుంది. 1870లో జర్మన్ సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. అల్జీరియాలో గ్రహణం ఉంది. బయటికి వెళ్ళడానికి శత్రువు ఇచ్చే అనుమతి తీసుకోనన్నాడు. డిసెంబరు 2 తెల్లవారుజామున పరికరాలతో సహా వోల్టా అనే బెలూన్‌లో ఎక్కి సైన్యం తలల మీదుగా ఎగిరి, అట్లాంటిక్ తీరం దగ్గర దిగాడు. ఒరాన్ చేరేసరికి గ్రహణం రోజు మబ్బు! అంత సాహసం చేసి ఏమీ చూడలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో మళ్ళీ మన దేశం వచ్చి, నీలగిరుల్లో షోలూరు దగ్గర గ్రహణం చూసి ఆ బాకీ తీర్చుకున్నాడు. 1874లో శుక్రుడు సూర్యుడి మీద నుంచి దాటే రోజున జపాన్‌లోని నాగసాకిలో ఉన్నాడు. వరుసగా ఫోటోలు తీసే తుపాకీ లాంటి యంత్రం ఒకటి చేయించాడు. సినిమా కెమెరాకు పెద్దమ్మ వరస అవుతుందది. తర్వాత పారిస్ పక్కన మ్యూడోన్‌లో అబ్జర్వేటరీ పెట్టి, చివరిదాకా దాన్ని నడిపాడు.

ముసలితనంలో మళ్ళీ గాలి మీదికే వచ్చాడు. సూర్యుడి వెలుగులో కనబడే ఆక్సిజన్ గీతలు సూర్యుడివా, మనవా అన్నది మిగిలిపోయిన ప్రశ్న. 1889లో కొత్తగా కట్టిన ఐఫిల్ టవర్ మీది విద్యుత్ దీపాన్ని మ్యూడోన్ నుంచి చూశాడు. మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు, అయినా గీతలు ఉన్నాయి. ఇక ఎత్తుకు వెళ్తే అవి తగ్గాలి. మోంబ్లాం యూరప్‌లో పేరున్న మంచుకొండ, 4,800 మీటర్లు. ఈయనకేమో నడవడానికే కాలు సహకరించదు. స్లెడ్జి బండి మీద కూర్చోబెట్టి కొండ మనుషులు తాళ్ళతో లాగారు. 1890లో, అరవై ఆరో ఏట, శిఖరం చేరాడు. ఎత్తుకు వెళ్ళే కొద్దీ ఆక్సిజన్ గీతలు పలచబడ్డాయి. అవి మన గాలివేనని తేలింది. శిఖరం మీద అబ్జర్వేటరీ కట్టాలన్నాడు. రాతి పునాది కోసం మంచులో 15 మీటర్ల లోతున సొరంగం తవ్వినా రాయి తగల్లేదు. అయినా మంచు మీదే కట్టించాడు. 1893లో దాన్ని చూసుకోవడానికి అరవై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ లాగించుకుంటూ వెళ్ళాడు. మంచు ఊరుకోదు కదా, కట్టడం మెల్లగా కుంగిపోతూ వచ్చింది. ఆయన పోయిన రెండేళ్ళకు అక్కడ అబ్జర్వేటరీ లేదు.

ఈలోగా కింద లోకంలో ఆయన రెండు దారులూ కలిసే పని వేరేవాళ్ళు చేస్తున్నారు. 1895లో లండన్‌లో రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత దొరికింది. సూర్యుడిది అనుకున్న హీలియం భూమి రాళ్ళలోనే ఉంది. 1903లో పియర్ క్యూరీ, లాబోర్డ్ రేడియం తనంతట తానే వేడి పుట్టిస్తూ ఉంటుందని కొలిచారు. అంతకు ముందు కెల్విన్ ప్రభువు, భూమి మొదట్లో ఎర్రగా కాలి క్రమంగా చల్లారుతున్న ఒట్టి ముద్ద అనుకుని, దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అని లెక్క కట్టాడు. లోపల వేడి ఇంకా పుడుతూనే ఉందని తెలిశాక ఆ లెక్క నిలబడలేదు. ఈనాటి లెక్క ప్రకారం భూమి లోపలి నుంచి బయటికి వచ్చే వేడి సుమారు 47 లక్షల కోట్ల వాట్లు. అందులో సుమారు సగం యురేనియం, థోరియం, పొటాషియం విచ్ఛిన్నమవడం వల్ల వచ్చేదని అంచనా.

జాన్సెన్ 1907 డిసెంబరు 23న మ్యూడోన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ కలిసి రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే ఆల్ఫా కణమే హీలియం అవుతుందని గాజుగొట్టంలో పట్టి చూపించారు. అంటే భూమి లోపల వేడి పుట్టించే పనిలోనే హీలియం కూడా పుడుతోంది. పుట్టినరోజు బెలూన్‌లో నింపేది కూడా అదే, రాళ్ళ మధ్య కోట్ల ఏళ్ళు పోగైన వాయువు. బయటికి వస్తే నిలవదు, తేలిక కాబట్టి అంతరిక్షంలోకి పోతుంది. అందుకే మన గాలిలో పది లక్షల పాళ్ళకు 5 పాళ్ళే మిగిలింది. పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్ బరువైనది, పోదు. మనం పీల్చే గాలిలో 0.93 శాతం ఆర్గానే, దాదాపు అంతా రాళ్ళలో పుట్టి బయటికి వచ్చిందే. కుజుడి మీద ఆ బరువైన ఆర్గాన్ కూడా నిలవలేదు. మూడింట రెండు వంతుల దాకా అంతరిక్షంలోకి పోయిందని 2017లో అక్కడ తిరిగే మావెన్ నౌక కొలతలతో తేల్చారు.

చంద్రుడి మీద ఒక పెద్ద గొయ్యికి జాన్సెన్ పేరు పెట్టారు. కుజుడి మీద కూడా ఒకటుంది, మధ్యరేఖకు కొంచెం ఉత్తరాన.